కందిపప్పు పోసిన డబ్బా

మా వంటింటి గూట్లో మూడు తెల్ల ప్లాస్టిక్ డబ్బాలుండేవి, నల్లటి మర మూతలతో. ఒకదాంట్లో కందిపప్పు, ఒకదాంట్లో ఉప్పు, ఇంకోదాంట్లో ఎండుమిరపకాయలు. మూడింటికీ అంటించిన కాగితం మీద చొక్కా లేని తెల్లవాడొకడు కండలు బిగించి పళ్ళికిలిస్తూ ఉండేవాడు. కొబ్బరిపీచుతో ఎంత తోమినా ఆ కాగితం ఊడి చచ్చేది కాదు. పొద్దున్నే లేచి పొయ్యి వెలిగిస్తే ముందు వాడి మొహమే కనపడేది. పేటలో నాకు గొడ్రాలని పేరు పడిన అయిదేళ్ళూ నేను ఆ డబ్బాలోంచే పప్పు తీసి వండాను. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

తొంభైల చివర్లో నాకు పెళ్ళయింది. మాది భీమిలి దగ్గర ఒడ్డున పల్లె. అత్తవారిది విశాఖపట్నం చేపల రేవుకి ఆనుకుని ఉన్న పేట. రెండూ వేటకెళ్ళే కుటుంబాలే. మా ఆయన మాత్రం వేటకెళ్ళేవాడు కాదు. రేవులో బోట్లకి ఐసు దిమ్మలు ఎత్తే పని ఆయనది. మనిషి మంచి పొడగరి. ఐసు దిమ్మని ఒక్క ఊపున భుజానికెత్తితే చుట్టుపక్కల బోట్లవాళ్ళు పని ఆపి చూసేవారు. ఆ చూపులే మా కొంప ముంచాయి. అలా చూసినవాడొకడు, ఈ ఒళ్ళు ఐసు మొయ్యడానికి కాదు బావా, పోటీల్లో బరువులెత్తడానికి అని చెప్పి ఆయన్ని వన్ టౌన్‌లో ఒక జిమ్ముకి తీసుకుపోయాడు.

ఆ జిమ్ము నేనొక్కసారే చూశాను. ఉల్లిపాయల గోదాము పైన రేకుల షెడ్డు. తుప్పు పట్టిన ఇనుప చట్రాలు, గోడకి ఒక నిలువుటద్దం, కిందనుంచి ఉల్లి కంపు, పైన చెమట కంపు. అక్కడి మాస్టారికి మెడ ఉన్నట్టే కనపడదు, భుజాల మీద తలకాయ తెచ్చి పెట్టినట్టుంటాడు. పోటీల్లో పతకాలు తెస్తే స్పోర్ట్స్ కోటాలో పర్మినెంటు ఉద్యోగం వస్తుందని, ఉక్కు ఫ్యాక్టరీ వైపు క్వార్టర్స్‌లో కాలు మీద కాలేసుకుని బతకొచ్చని మా ఆయనకి నూరిపోశాడు. వట్టి కసరత్తుతో ఎన్నాళ్ళకి వస్తుంది, కాస్త సాయం కావాలన్నాడు. ఆ సాయమే ఈ డబ్బాలు. ఓడల మీద పనిచేసేవాళ్ళు పైదేశాల నుంచి తెచ్చి ఆ మాస్టారికి ఇచ్చేవారట. ఇది సూది కాదు, స్టెరాయిడ్ కాదు, కడుపులోకి వెళ్ళాక మన ఒళ్ళే దీన్ని మగవాడి హార్మోన్‌గా చేసుకుంటుంది, మన ఒళ్ళు చేసుకున్నది మనకే చేటు ఎలా చేస్తుంది అని చెప్పాడట. ఆ మాట మా ఆయన ఇంటికొచ్చి పాఠం అప్పజెప్పినట్టు అప్పజెప్పాడు. నేను పదో తరగతి ప్యాసైనదాన్ని. నాకూ నిజమే అనిపించింది. ఆ మాస్టారి నాలుక తెగిపోను.

రోజుకి రెండు క్యాప్సూళ్ళు, పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. కానీ మా ఆయనకి చిన్నప్పటి నుంచీ మందు గొంతు దిగదు. ఐసు దిమ్మ ఎత్తే మనిషికి మాత్ర మింగాలంటే కళ్ళమ్మట నీళ్ళు, ఓకరింతలు. అందుకని మా అత్త ఆ క్యాప్సూళ్ళు విప్పి, లోపలి పొడిని చోడి అంబలిలో, అదే రాగి జావలో, కలిపి ఇచ్చేది. ఒక్కగానొక్క కొడుకు. మొగుడు సముద్రంలో పోయాక రేవులో చేపలమ్మి పెంచింది. ఆ అంబలి గిన్నె నన్ను ముట్టుకోనిచ్చేది కాదు. "అది నాను సూసుకుంతాను, నువ్వెల్లి పని సూసుకో" అనేది. డబ్బా నెల రావాలి. పదిహేను రోజులకే అడుగంటేది. మాస్టారు తక్కువ పోసి అంటగడుతున్నాడని మా ఆయన తిట్టుకునేవాడు. ఖాళీ డబ్బాల్లోకి చీమ దూరదని మా అత్తకి అవంటే మహా ఇష్టం. మూడు మేమే ఉంచుకున్నాం, మిగిలినవి ఇరుగుపొరుగుకి పంచింది.

మొదటి ఏడు నిజంగానే మనిషి మారిపోయాడు. అబద్ధమెందుకు, నాకూ గర్వంగానే ఉండేది. చొక్కాలు చంకల్లో చిరిగిపోయేవి. ఒడ్డు నుంచి లాగే పెద్దవలకి పేటలో మగాళ్ళందరూ రెండు తాళ్ళూ పట్టుకుని నిలబడితే, అందరికంటే ముందు మా ఆయన వీపే కనపడేది. వల లాగేటప్పుడు ఒంటి మీద చొక్కా ఉంచుకునే మగాడు మాలో ఎవడూ ఉండడు. ఆడాళ్ళందరం తట్టలు పట్టుకుని నిలబడి చూసేవాళ్ళం. దిష్టి తీయాలని మా అత్త ఉప్పు దాచుకుని తెచ్చేది. ఆనందపురంలో పోటీలు పెడితే మూడో స్థానం వచ్చింది, ఒక పూత కప్పు ఇచ్చారు. ఆ కప్పు పూత ఆరు నెలలకి పోయింది. ఉద్యోగం ఊసే లేదు.

రెండో ఏడు వీపు నిండా సెగగడ్డల్లాంటి మొటిమలు లేచాయి. మూడో ఏడు కోపం పట్టుకుంది. నాకూ ముక్కు మీదే ఉంటుంది కోపం, కాదనను. కానీ ఆయనది వేరే రకం. పులుసులో ఉప్పు ఎక్కువైందని కంచం తీసి గోడకేసి కొట్టాడొక రోజు. కొట్టి, మరుక్షణం అరుగు మీద కూర్చుని ఏడ్చాడు. ఎందుకు ఏడుస్తున్నాడో అడిగితే తెలీదన్నాడు. నా మీద ధ్యాస పూర్తిగా పోయింది. పక్కన పడుకున్నా గోడకి తిరిగే పడుకునేవాడు. ఈ ముక్క నేను ఎవరితో చెప్పను? ఆడది చెప్పుకునే మాటా అది?

పిల్లలు లేరు. ఎలా ఉంటారు? కానీ నింద మాత్రం లోకం అలవాటు కొద్దీ నా మీదకే వచ్చింది. మా అత్త నన్ను అమ్మవారి గుళ్ళన్నీ తిప్పింది, చెట్ల మందులు మింగించింది. పొరుగింట్లో సీమంతమైతే నన్ను గడప దగ్గరే ఆపేశారు. ఆ రోజు ఇంటికొచ్చి, "అంత ఒళ్ళున్న మగోడు నా కొడుకు. ఆడిలో లోపమేటుంతాది? నీ కడుపే రాయి" అంది నా మొహం మీదే. మా ఆయన అక్కడే కూర్చుని చేతికి నూనె రాసుకుంటున్నాడు. రెండో చేతికి రాయడం మొదలుపెట్టాడు. ఆ నూనె గిన్నె తీసి ఇద్దరి నెత్తినా పోద్దామన్నంత కోపం వచ్చింది. ఏం లాభం, లోపలికెళ్ళి ఎండుచేపలు కడిగాను.

పెద్దాసుపత్రిలో లేడీ డాక్టరుకి చూపించుకున్నాను. పరీక్షలన్నీ చేసింది. నాలో ఏ లోపమూ లేదు, మీ ఆయన్ని తీసుకురా అంది. నాలుగుసార్లు వెళ్ళాను, నాలుగుసార్లూ అదే మాట. ఆయన వస్తేగా. మగాడు వెళ్ళి ఆ పరీక్ష చేయించుకుంటే పేటలో తలెత్తుకోగలడా అని గుర్రుమన్నాడు.

అప్పటికి ఇంకోటి మొదలైంది. నాలుగో ఏడు వేసవిలో పెద్దవల లాగడానికి మా ఆయన చొక్కా వేసుకుని వచ్చాడు. తడిసి ఒంటికి అతుక్కుపోతున్నా విప్పలేదు. ఏంటి బావా, కొత్తపెళ్ళికొడుకులా సిగ్గుపడుతున్నావని మగాళ్ళు ఆట పట్టించారు. జలుబు చేసిందన్నాడు. మే నెలలో జలుబు! ఇంట్లో కూడా బనీను విప్పడం మానేశాడు. ఒకరోజు ఆయన పక్కనుంచి బిందె ఎత్తుకుంటూ ఉంటే నా మోచెయ్యి ఆయన ఛాతీకి తగిలింది. పసిపిల్లాడిలా కేకేశాడు. నేను బిందె దించి బనీను పైకి లాగాను. ఆడపిల్లకి పదమూడో ఏట ఎలా ఉంటుందో అలా ఉంది. ముట్టుకుంటే లోపల గడ్డల్లా తగిలింది. బనీను లాక్కుని, ఎవరికైనా చెప్పావంటే చంపుతానన్నాడు. జాలేసింది. ఆ జాలితోనే నోరు మూసుకున్నాను. అదే నేను చేసిన తప్పు.

ఎందుకంటే నేను జాలి పడి నోరు మూసుకున్న రెండు నెలలకి, ఆయనకి తగరపువలస నుంచి రెండో సంబంధం వచ్చింది. మా అత్తే తెప్పించింది. నాకు పిల్లలు పుట్టడం లేదు కాబట్టి నన్ను పుట్టింటికి పంపేసి కొడుక్కి మళ్ళీ చేస్తామని పేట పెద్దల ముందు పెట్టింది. పెద్దలు సరేనంటే నా కథ అయిపోయినట్టే. గొడ్రాలన్న పేరుతో భీమిలి పోయి అన్నయ్య పంచన పడి ఉండాలి. ఆ రాత్రి మా ఆయన్ని అడిగాను, నువ్వేమంటావని. అమ్మ ఇష్టం అన్నాడు, గోడకేసి తిరిగే.

మర్నాడు పొద్దున పొయ్యి వెలిగించాను. గూట్లో తెల్లవాడు నవ్వుతున్నాడు. వాడి ఛాతీ వంక చూశాను. ఎందుకో అప్పుడు తట్టింది. ఉప్పు డబ్బా ఖాళీ చేసి, గుడ్డలో చుట్టి, ఎక్కడికని అడిగిన అత్తకి జవాబు చెప్పకుండా పెద్దాసుపత్రికి పోయాను.

డాక్టరు ఆ కాగితం మీద సన్న అక్షరాలు కళ్ళజోడు పైకెత్తుకుని చదివింది. చదివి నా వంక అదోలా చూసింది. ఎన్నేళ్ళ నుంచి అని అడిగింది. నాలుగేళ్ళ పైనే అన్నాను. నాకు అర్థమయ్యేలా చెప్పింది. ఇందులో ఉన్నది హార్మోన్ కాదు, దాని ముందు మెట్టు. లోపలికెళ్ళాక కొంత మగ హార్మోన్ అవుతుంది, కండ పెరుగుతుంది. కొంత ఆడ హార్మోన్‌గా మారుతుంది, అందుకే ఛాతీ. బయటినుంచి వచ్చి పడుతోంది కదా అని ఒళ్ళు సొంతంగా తయారు చెయ్యడం మానేస్తుంది. అది మానేస్తే బీజం ఉండదు, కోరికా ఉండదు. ఇవాళే ఆపించు, ఆపితే చాలామందికి మెల్లగా తిరిగొస్తుంది, ఏడాదో రెండేళ్ళో పట్టొచ్చు, ఛాతీ మాత్రం కోస్తే తప్ప తగ్గదు అంది. రోజుకి ఎన్ని వేసుకుంటాడని అడిగింది. రెండే అన్నాను. రెండింటికే ఇంతలా అయిందా అని మళ్ళీ ఆ కాగితం వంక చూసింది.

ఇంటికొచ్చి ఆయనకి ఒక్కడికే చెప్పాను. మళ్ళీ జాలి, చూడండి నా బుద్ధి. వింటూ వింటూ మొహం తెల్లబడింది. నమ్మాడని నాకు తెలుసు. "పెద్దోల ముందు నోరిప్పినావో, నీకూ నాకూ సెల్లు" అన్నాడు. ఎలాగూ చెల్లగొట్టడానికేగా అందరినీ పిలిచింది అన్నాను.

వలలు బాగుచేసుకునే పాకలో ఆదివారం మధ్యాహ్నం కూర్చున్నారు. మా అన్నయ్య వచ్చాడు. ఎండ ఇసకలోంచి సెగలా కొడుతోంది. మగాళ్ళందరూ ఒంటి మీద తువ్వాళ్ళతో ఉన్నారు. మా ఆయన ఒక్కడే పొడుగు చేతుల చొక్కా, మెడదాకా గుండీలు పెట్టుకుని కూర్చున్నాడు. మా అత్త కన్నీళ్ళు పెట్టుకుని తన గోడు వెళ్ళబోసుకుంది. వంశం ఆగిపోతోందంది. పేట పెద్ద నా వైపు తిరిగి, నేనేమైనా చెప్పుకోవాలా అని అడిగాడు.

నేను సంచిలోంచి డబ్బా తీసి చాప మీద పెట్టాను. తొందరలో గూట్లోంచి కందిపప్పు డబ్బా అలాగే పట్టుకొచ్చేశాను. డాక్టరు చెప్పింది చెప్పినట్టు చెప్పాను, బీజం సంగతి కూడా. అంతమంది మగాళ్ళ ముందు ఆడది ఆ మాట అనేసరికి పాకలో గుసగుసలు మొదలయ్యాయి. నాకు సిగ్గనిపించలేదు. అయిదేళ్ళుగా నా కడుపు గురించి నడివీధిలో మాట్లాడుకున్నప్పుడు ఎవరికి సిగ్గేసింది?

పెద్ద మా ఆయన్ని అడిగాడు. "ఏరా, నిజమేనా? ఇయ్యి తిన్నావా నువ్వు?"

మా ఆయన డబ్బా వంక చూశాడు. నా వంక చూడలేదు. "అది పప్పు డబ్బా" అన్నాడు.

అని ఊరుకోలేదు. చెయ్యి చాపి మూత తిప్పి డబ్బా బోర్లించాడు. కందిపప్పు జారి చాప మీద పడి, చాప దాటి ఇసకలోకి పోయింది. ఎవరో కిసుక్కుమన్నారు. ఆ తర్వాత పాకంతా నవ్వింది. ఆ డబ్బాలు సగం ఇళ్ళలో ఉన్నాయాయె, మా అత్త పంచినవే. పిల్లలు లేక దీనికి మతి చలించిందన్నారెవరో వెనకనుంచి. మా అన్నయ్య తల దించుకున్నాడు. మొగుడు కొడతాడని, తిడతాడని అనుకున్నాను గానీ, ఇంత చల్లగా నా నోరు మూయిస్తాడని అనుకోలేదు.

నాకు ఒళ్ళు తెలీలేదు. "చొక్కా విప్పమనండి" అన్నాను.

నవ్వు ఆగిపోయింది. అందరూ ఆయన వైపు తిరిగారు. ఆ ఎండలో ఆ గుండీలేంటో అప్పుడు కనపడ్డాయి వాళ్ళకి. ఏడాదిగా ఆయన వీపు ఎవరూ చూడలేదని కూడా అప్పుడే గుర్తొచ్చినట్టుంది. మా ఆయన చెయ్యి మెడ దగ్గరికి పోయి గుండీ పట్టుకుని అక్కడే ఆగిపోయింది. పెద్ద, "ఇప్పరా" అన్నాడు. కదల్లేదు. రేవులో ఆయనతో పాటు ఐసు మోసేవాడొకడు, నేను విప్పుతానుండండి అంటూ సరదాగా లేచాడు. ఆ చొక్కా విప్పితే ఆ మనిషి ఇక ఆ పేటలో బతకలేడని నాకు తెలుసు. తెలిసే అన్నాను. ఇప్పుడు ఇలా రాస్తున్నప్పుడు కూడా అన్నందుకు నాకు బాధ లేదు.

అప్పటిదాకా మా అత్త ఇసకలో కూర్చుని ఒలికిన పప్పు గుప్పిళ్ళతో ఎత్తుతోంది. తల ఎత్తకుండానే మాట్లాడింది.

"ఆడిని ముట్టుకోకండి. నానే కలిపినాను. అంబట్లో."

లేచినవాడు ఆగిపోయాడు.

"రెండెయ్యమన్నారు. నాను నాలుగేసినాను. ఆడికి తెల్దు. బలం మందు కదా, మనవలు బలంగా పుడతారని ఏసినాను" అంది. అని మళ్ళీ పప్పు ఎత్తడం మొదలుపెట్టింది. ఎత్తిన పప్పు ఎత్తినట్టే వేళ్ళ సందుల్లోంచి జారిపోతోంది.

డబ్బా పదిహేను రోజులకే ఎందుకు అడుగంటేదో అప్పుడు తెలిసింది నాకు. మా ఆయనకీ అప్పుడే తెలిసింది. తల్లి వంక చూసిన ఆ చూపు నేను మరిచిపోలేదు. పెద్ద, రెండో సంబంధం మాట ఇక ఎవరూ ఎత్తకూడదన్నాడు. వీడికి వైద్యం చేయించమన్నాడు. చొక్కా మాట ఆయనా ఎత్తలేదు. అందరూ తువ్వాళ్ళు దులుపుకుని లేచిపోయారు.

మా అత్త నా కోసం నిజం చెప్పిందని మా అన్నయ్య అనుకున్నాడు, ఆవిడ కాళ్ళకి దణ్ణం పెట్టబోయాడు. నేను ఆపాను. నా కోసం కాదు. డాక్టరు మాటలు నేను చెబుతున్నప్పుడే ఆవిడకి అర్థమైపోయింది, అప్పుడు నోరు విప్పలేదు. పేటంతా నన్ను పిచ్చిదాన్నని నవ్వుతుంటే పప్పు ఏరుకుంటూ కూర్చుంది. కొడుకు గుండీ మీద పరాయి చెయ్యి పడబోయేసరికి నోరు పెగిలింది. ఆవిడ కాపాడుకున్నది ఆ చొక్కాని. ఆ చొక్కాతో పాటు నా కాపురం కూడా నిలబడింది, అంతే.

ఆయన ఆ రోజు నుంచి ఆ మాత్రల జోలికి పోలేదు. జిమ్ముకీ పోలేదు. ఆ తర్వాత నాలుగో ఏట మాకు పిల్ల పుట్టింది. అమ్మవారి దయ అంటుంది మా అత్త ఊరందరితో. నేను పళ్ళు కొరుక్కుని ఊరుకుంటాను. ఇప్పటికీ పెద్దవల లాగేటప్పుడు ఆయన చొక్కా తియ్యడు, ఎవరూ అడగరు.

కానీ నాకు ఎప్పుడూ గుర్తొచ్చేది ఆ ఆదివారం సాయంత్రమే. ఇంట్లో వేరే పప్పు లేదు. మా అత్త పాకలోంచి ఎత్తుకొచ్చిన పప్పుని చేటలో పోసుకుని గుమ్మంలో కూర్చుంది. ఇసక చెరుగుతోంది. నేను పొయ్యి దగ్గర ఉన్నాను. ఆయన లోపల గోడకేసి తిరిగి పడుకున్నాడు. చాలాసేపటికి ఆవిడ చేటలోకే చూస్తూ, "నిన్ను సానా మాటలన్నాను కదే" అంది.

"అన్నావు" అన్నాను.

ఇంకేదో అనబోయింది. నేను ఆవిడ చేతిలోంచి చేట తీసుకుని, పప్పు కడిగి పొయ్యి మీద పెట్టాను. ఎంత చెరిగినా, ఎన్ని నీళ్ళు మార్చి కడిగినా, ముద్ద ముద్దకీ ఇసక తగిలింది. ముగ్గురం ఆ పప్పే తిన్నాం.